మేనేజరు మీద మావయ్య అలక

మా మావయ్య అలుగుతాడు. కోపం వేరు, అలక వేరు. కోపం వచ్చినవాళ్ళు అరుస్తారు, కాసేపటికి చల్లబడతారు. మావయ్య అరవడు. ఎదుటి మనిషితో మాట మానేస్తాడు. మానేసి ఊరుకుంటే మాకు హాయిగా ఉండేది. ఆ మనిషికి చెప్పాల్సినవన్నీ పక్కవాళ్ళ చేత చెప్పిస్తాడు. "ఫ్యాను కాస్త తగ్గించమని మీ అత్తయ్యకి చెప్పు" అంటాడు, అత్తయ్య చెయ్యి స్విచ్చి మీద ఉండగానే. ఇంట్లో మూడో మనిషి లేని రోజున ఆయన అలగడు. అలగాల్సిన కారణం దొరికినా దాచుకుని, ఎవరైనా వచ్చాక మొదలుపెడతాడు.

మావయ్య పళ్ళ డాక్టరు. ఆయన స్వభావానికి అంతకంటే పనికిరాని వృత్తి ఇంకోటి లేదు. వచ్చినవాళ్ళలో సగం మంది మీద ఆయనకి ఏదో ఒక అలక ఉంటుంది. చెప్పిన రోజుకి రాలేదనో, మధ్యలో ఇంకో డాక్టరుకి పన్ను చూపించుకున్నారనో. ఆ క్లినిక్కులో టోకెన్లు ఇవ్వడం, ఫోన్లు ఎత్తడం, దూది అందించడం నా ఉద్యోగం. అది పేరుకి. నిజానికి నా ఉద్యోగం రాయబారం.

"నోరు తెరవమని చెప్పు" అంటాడు మావయ్య, రోగి మొహం మీదకి వంగి.

"నోరు తెరవండి" అంటాను నేను.

"నొప్పిగా ఉందేమో అడుగు."

"నొప్పిగా ఉందా అండీ?"

"ఆఁ, ఆఁ."

"ఉందంటున్నారు మావయ్యా."

"పోయిన నెల రమ్మన్నప్పుడు వచ్చుంటే ఉండేది కాదని చెప్పు."

ఆయన అలగడానికి ఎదుటివాళ్ళు పరిచయస్తులే కానక్కర్లేదు. ఒకసారి రేడియోలో వాతావరణం చెప్పే ఆవిడ మీద అలిగాడు. వాన లేదందని గొడుగు లేకుండా వెళ్ళి తడిసి వచ్చాడు. తర్వాత నెల రోజులు ఆవిడ గొంతు వినపడగానే రేడియోకి వీపు తిప్పి, "రేపు వానుందేమో ఆవిడని అడుగు" అనేవాడు అత్తయ్యతో. అత్తయ్య రేడియో చెప్పిందే మళ్ళీ చెప్పేది. అప్పుడు నమ్మేవాడు.

ఇలాంటి మనిషి ఫుట్‌బాల్ అభిమాని కూడా అయితే ఏమవుతుందో మా ఊరు చూసింది. మాది ఆకుపచ్చ జట్టు. ఏరు అవతల ఊరిది ఎర్ర జట్టు. మధ్యలో ఒక వంతెన, బోలెడంత పగ. ఎక్కడో అడుగున పడి ఉన్న మా జట్టుని ఆరేళ్ళలో పైకి తెచ్చింది మా మేనేజరు. ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో నిర్ణయించేది ఆయనే. ఓడిపోయినప్పుడు అందరూ తిట్టేదీ ఆయన్నే. ఆయన మా ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. ఆయన అక్క టైలరింగ్ దుకాణం మా క్లినిక్కుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

ఒకరోజు పొద్దున్న మావయ్య కుర్చీలో బస్సు డ్రైవరు పడుకుని ఉన్నాడు. మా ఊరి అభిమానుల సంఘానికి ప్రెసిడెంటు ఆయనే. ఇంజెక్షన్ పడి సగం మొహం మొద్దుబారింది, దవడ పన్ను సగం తొలిచి ఉంది. అప్పుడు రేడియో చెప్పింది, మా మేనేజరు ఎర్ర జట్టుకి వెళ్ళిపోయాడని.

మావయ్య చేతిలో మిషను ఆగిపోయింది.

"హోహం" అన్నాడు ప్రెసిడెంటు, కళ్ళ నీళ్ళు కారుతుండగా. "హచ్చి హోహం."

"పచ్చి ద్రోహం అంటున్నారు" అన్నాను.

"నేనూ అదే అంటున్నానని చెప్పు" అన్నాడు మావయ్య. ప్రెసిడెంటు మీద ఆయనకి అప్పుడు అలకేమీ లేదు. అలవాటు కొద్దీ అన్నాడు.

సాయంత్రానికి ఊరు ఊరంతా ఒంటికాలి మీద లేచింది. బస్సు అద్దం మీది మేనేజరు బొమ్మని ప్రెసిడెంటు స్వయంగా గోళ్ళతో గీకేశాడు. గీకడానికి బస్సు ఆపింది వంతెన మధ్యలో కావడంతో అటూ ఇటూ రాకపోకలు నిలిచిపోయాయి. బేకరీ ఆయన ఎప్పుడో ముచ్చటపడి తన కుక్కకి మేనేజరు పేరు పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే పేరు మార్చేశాడు. కొత్త పేరుతో పిలిస్తే కుక్క పలకలేదు, పాత పేరుతో పిలవడానికి ఈయనకి మనసొప్పలేదు. దాంతో కుక్కా ఆయనా కూడా ఎడమొహం పెడమొహం అయ్యారు.

మా ఇంట్లో భోజనాల దగ్గర మావయ్య ప్రకటించాడు. "నేను మేనేజరు మీద అలిగాను."

"బ్యాంకులో మేనేజర్లు మూడేళ్ళకోసారి మారుతుంటే ఏనాడైనా అలిగారా?" అంది అత్తయ్య.

"బ్యాంకు మేనేజరు ఎర్ర చొక్కా వేసుకున్నాడా?"

"సరే, మీరు అలిగినట్టు ఆయనకి తెలుసా?"

"తెలియక్కర్లేదు."

"తెలియకపోతే మిమ్మల్ని బతిమాలేదెవరు?"

మావయ్య ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. ఇన్నేళ్ళ అలకల్లో ఆయనకి ఇలాంటి చిక్కు రాలేదు. రేడియో ఆవిడైనా రోజూ గొంతు వినిపించేది.

మర్నాడు అభిమానుల సంఘం సమావేశమైంది. మేనేజరుని ఏం చెయ్యాలన్నా ఆయన ఊళ్ళో లేడు. ఊళ్ళో ఉన్నది వాళ్ళ అక్క. అందుకని, ఆ టైలరింగ్ దుకాణం గడప ఎవరూ తొక్కకూడదని తీర్మానించారు. తీర్మానం రాసింది ప్రెసిడెంటు. ఆ సమావేశంలో గోడకి కట్టిన ఆకుపచ్చ జెండా కుట్టింది ఆవిడే, మా టైలరక్క.

రెండో వారంలో క్లినిక్కు ఏప్రాన్లు తెచ్చుకుందామని వెళ్తే, టైలరక్క మిషను మీద గుడ్డ కప్పి ఖాళీగా కూర్చుని ఉంది. నా ఇరవై రెండేళ్ళలో ఆ మిషను పగటిపూట ఆగి ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

"నెలాఖరుదాకా చూస్తానే" అంది. "అప్పటికీ ఎవరూ రాకపోతే మూసేసి తమ్ముడి దగ్గరికి పోతాను. ఏరు దాటి వెళ్ళాలని నాకేం లేదు. కానీ రోజంతా ఈ మిషనుతో నేనొక్కదాన్నీ ఎంతసేపని మాట్లాడను?"

పరుగున వచ్చి మావయ్యకి చెప్పాను. ఆయన ఎవరిదో పన్ను చూస్తున్నాడు. అంతా విని, "దూది" అన్నాడు. అంతే. ఆ రోజు మాత్రం నేనే ఆయన మీద అలిగాను. ఆయన గమనించలేదు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి మావయ్య వరండాలోంచి ఒక కుర్చీ తీసుకుని రోడ్డు దాటాడు. టైలరక్క దుకాణం ముందు కుర్చీ వేసి, ఆవిడకి వీపు తిప్పి కూర్చున్నాడు. వెనకే పన్ను పని పూర్తిచేయించుకున్న ప్రెసిడెంటు, బుగ్గలో దూదితో. ఆ వెనక నేను.

"ఇదేంటి మావయ్యా?"

"అలక. ఆయన ఎలాగూ ఊళ్ళో లేడు, వాళ్ళ తరఫు వాళ్ళు ఎవరో ఒకరు చూడాలి కదా." తర్వాత ప్రెసిడెంటు వైపు తిరిగాడు. "మీ తమ్ముడు చేసిన పని ఏం బాగాలేదని ఆవిడకి చెప్పండి."

ప్రెసిడెంటు నీళ్ళు నమిలాడు. "గడప తొక్కకూడదని తీర్మానం డాక్టరుగారూ. నేనే రాశాను."

"తొక్కకండి. ఇవతలే నిలబడి చెప్పండి."

ప్రెసిడెంటు గడప ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మీ తమ్ముడు చేసిన పని ఏం బాగాలేదంటున్నారు."

టైలరక్క కళ్ళజోడు పైకి తోసుకుంది. "బాగాలేదు. నాకూ రేడియోలోనే తెలిసిందని డాక్టరుగారికి చెప్పండి."

"ఆవిడకీ రేడియోలోనే తెలిసిందట."

"సొంత అక్కకి కూడా చెప్పకుండా వెళ్ళాడా అని అడగండి."

"సొంత అక్కకి కూడా..." ప్రెసిడెంటు మధ్యలో ఆగిపోయాడు. తర్వాత మావయ్య చెప్పమనకుండా తనే అడిగాడు. "అదేంటమ్మా, మీకు కూడా చెప్పలేదా?"

"లేదు బాబూ. మీ చొక్కాకి రెండో బొత్తాం లేదు, చూసుకున్నారా? ఇలా ఇవ్వండి."

ప్రెసిడెంటు చొక్కా చూసుకున్నాడు, గడప చూసుకున్నాడు, బిక్కమొహం వేశాడు.

"తీర్మానంలో మనుషుల సంగతి ఉంది. చొక్కాల సంగతి లేదు" అన్నాడు మావయ్య, రోడ్డు వైపే చూస్తూ.

చొక్కా గడప దాటింది. ప్రెసిడెంటు బనీనుతో ఇవతల నిలబడ్డాడు. బొత్తాం కుట్టినంతసేపూ ఆయనా టైలరక్కా కలిసి మేనేజరుని తిట్టారు. ఆవిడకి చిన్నప్పటి సంగతులు కూడా తెలుసు కాబట్టి ఆవిడే బాగా తిట్టింది.

అప్పటినుంచి రోజూ నాలుగింటికి అలక. రోజూ కొత్త రాయబారి. ఒకసారి వెళ్ళినవాళ్ళని మావయ్య మళ్ళీ పిలిచేవాడు కాదు. సంఘంలో ఉన్నవాళ్ళకి వరసగా నా చేత ఫోన్లు చేయించాడు.

"నాకు పన్ను నొప్పేం లేదమ్మా" అన్నాడు బేకరీ ఆయన.

"లేదంటున్నారు మావయ్యా."

"వచ్చేదాకా ఆగుతాడా అని అడుగు."

ఆయన భయపడి వచ్చాడు. ముప్పై రెండు పళ్ళూ ముత్యాల్లా ఉన్నాయి. నాలుగింటికి ఆయన కూడా బనీనుతో గడప ముందు నిలబడ్డాడు. చిత్రం ఏమిటంటే, ఆ నెలలో మా ఊరి అభిమానుల్లో బొత్తాం ఊడనివాడు లేడు. బస్సులో పోయేవాళ్ళు ఇన్ని బనీన్లు చూసి అక్కడెవరో కొత్తగా వ్యాయామశాల పెట్టారనుకున్నారు.

బొత్తాల వెనక జిప్పులొచ్చాయి, జిప్పుల వెనక కిటికీ తెరలొచ్చాయి. ఒకరోజు మేనేజరు నుంచి ఫోను వచ్చిందని, డాక్టరుగారిని అడిగానని చెప్పమన్నాడని టైలరక్క కబురు చెప్పించింది. "ఎవరా మేనేజరు అని అడగండి" అన్నాడు మావయ్య. ఇంకోరోజు ప్రెసిడెంటు కొత్త ప్యాంటుకి కొలతలిస్తూ, తను గడప లోపల నిలబడి ఉన్న సంగతి చూసుకుని గభాలున బయటికి గెంతాడు. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. సంఘం మొత్తం అక్కడే ఉంది. అందరూ ఆకాశం వైపు చూశారు. తీర్మానాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు, ఎవరూ మళ్ళీ తలుచుకోనూ లేదు.

నెలాఖరు రోజున దూది అయిపోయి, ఇంకో కట్ట కోసం మావయ్య కింది సొరుగు తెరిచాను. దూది లేదు. పాత పళ్ళసెట్ల డబ్బా ఒకటి ఉంది. మూత తీస్తే అందులో బొత్తాలు. తెల్లవి, నీలంవి, బస్సు యూనిఫాం ఖాకీది. ఇరవై మూడు. ఒక్కటీ దానంతటది ఊడింది కాదు. పన్ను పీకాక వేసే కుట్లు కత్తిరించే చిన్న కత్తెరతో అన్నిటి దారాలూ నున్నగా కోసి ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ అలక మొదలైనప్పటినుంచీ మావయ్య రోగుల గుండెల మీద కప్పే గుడ్డని తనే సర్దుతున్నాడు. నన్ను ముట్టుకోనివ్వడం లేదు. నోరు తెరుచుకుని కళ్ళు మూసుకున్న మనిషికి చొక్కా మీద ధ్యాస ఏముంటుంది?

నాకు నవ్వాగలేదు. ఆయన మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, డబ్బా పట్టుకుని అలాగే రోడ్డు దాటేశాను. గడప ముందు నలుగురు బనీన్ల వాళ్ళున్నారు. మావయ్య యథాప్రకారం వీపు తిప్పి కూర్చున్నాడు.

"అలకా లేదు, పాడూ లేదు" అన్నాను. "అక్కా, నువ్వు వెళ్ళిపోతావని ఈయన బెంగపెట్టుకున్నాడు. వీళ్ళందరి బొత్తాలూ కోసింది ఈయనే."

నలుగురూ డబ్బాలోకి తొంగిచూశారు. కిటికీ తెరల కోసం వచ్చిన బేకరీ ఆయన, "అదిగో నాది" అన్నాడు.

మావయ్య మొహం ఎర్రబడింది. మూతి బిగిసింది. ఆ మూతి నాకు తెలుసు. కానీ అది నా వైపు తిరగడం అదే మొదటిసారి. ఆయన అలిగాడు, నా మీద. అలిగి, అలవాటుగా రాయబారి కోసం చూశాడు. బనీన్ల వాళ్ళు నవ్వాపుకోలేక తలో దిక్కూ చూస్తున్నారు. పక్కన మిగిలిన మనిషి ఒక్కరే. మావయ్య కుర్చీతో సహా వెనక్కి తిరిగి, పద్దెనిమిది రోజుల్లో మొదటిసారి టైలరక్కతో నేరుగా మాట్లాడాడు.

"చూడండమ్మా, నా సొరుగులు తెరిచే పని పెట్టుకోవద్దని ఆ పిల్లకి చెప్పండి."

టైలరక్క చేతిలో చొక్కా అలాగే ఆగింది. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది, పెదవులు మాత్రం నవ్వుతూనే ఉన్నాయి.

"సొరుగులు తెరవొద్దంటున్నారమ్మా" అంది నాతో.

నా మీద అలక తీరడానికి తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిది రోజులూ టోకెను తర్వాత టోకెను పిలవమని నాకు చెప్పడానికి టైలరక్క రోడ్డు దాటి వచ్చేది, మెళ్ళో టేపుతో, జాకెట్టుకి సూదులు గుచ్చుకుని. అవతల చొక్కాలు కుప్పపడుతుంటే ఈ తిరుగుడేమిటని ఆవిడ విసుక్కుంటుంటే నాకు వినడానికి ఎంత బాగుండేదో.

"దుకాణం మూసే సంగతి ఏం చేశావక్కా?" అని ఒకరోజు అడిగాను.

"మీ మావయ్యకి మా తమ్ముడి మీద అలక ఇంకా తీరలేదు కదే" అంది ఆవిడ. "అది తీరాక చూద్దాం."

మావయ్య సంగతి నాకు తెలుసు. టైలరక్క ఇక ఏ ఊరూ వెళ్ళదు.