లోపలి గొళ్ళెం

మా తమ్ముడు శవపెట్టెలు చేసే వడ్రంగి. ముప్పై ఏళ్ళలో ఎన్ని చేశాడో వాడు చెప్పడు. నేను చెబితే మీరు నమ్మరు. వాడికి పుట్టుకతో నత్తి. ఇంటికొచ్చినవాళ్ళను "కూర్చోండి" అనేలోపు వాళ్ళు కూర్చుని, మంచినీళ్ళు తాగి, సెలవు తీసుకుని వీధి మలుపు తిరిగేసేవారు. ఇద్దరం ఒకే కాన్వెంటులో చదివాం. వక్తృత్వంలో కప్పులన్నీ నాకు, పాఠం అప్పజెప్పలేక గోడకుర్చీ వాడికి.

ఏడాది చివరి ఆదివారం మా పాస్టరుగారు ఒకే ప్రశ్న అడుగుతారు. "ఈ ఏడు పరలోకపు నిరీక్షణ గురించి, అదే చనిపోయినా మళ్ళీ లేస్తామన్న ఆశ గురించి, ఎవరికి చెప్పారు? చెయ్యెత్తండి." నేను రెండు చేతులూ ఎత్తేవాణ్ణి. వాడు తల దించుకుని అరచేతుల్లో కాయలు చూసుకునేవాడు.

వాడి కొట్టు పక్కనే గడియారాల మేస్త్రి కొట్టు. ముప్పై ఏళ్ళ స్నేహం. మేస్త్రికి దేవుడన్నా, చావు తర్వాత సంగతులన్నా నవ్వులాట. ఆ ఏడు గుండె పాడై, డాక్టరు నెల గడువిచ్చాడు. మేస్త్రి నేరుగా పక్క కొట్టుకొచ్చి తన పెట్టె తనే చేయించుకోవడానికి నిలబడ్డాడు.

మర్నాడు మా మరదలు పరుగున వచ్చింది.

"బావగారూ, ఈయనకు ముద్ద దిగడం లేదు. మేస్త్రి పోయేలోపు ఒక్క మాట చెప్పాలట. నోరు రావడం లేదు. మీరొచ్చి చెప్పకూడదూ?"

కొట్టుకి వెళ్ళాను. తయారైన పెట్టె పక్కనే మేస్త్రి ఉన్నాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే మేస్త్రి చెయ్యడ్డం పెట్టాడు.

"అన్నయ్యగారూ, ఇంట్లో మీ కప్పులున్నాయిగా, వాటికి చెప్పండి. ఒరేయ్ వడ్రంగీ, పెట్టె సరిపోతుందో లేదో చూద్దాం, మూతెయ్యి."

చెక్కపొట్టు దులుపుకుని పడుకున్నాడు. తమ్ముడు మూత వేశాడు. క్షణం తర్వాత లోపల్నించి పెద్ద నవ్వు. మూత తోసుకుని లేచాడు.

"గొళ్ళెం లోపల బిగించావేంట్రా! పడకగది తలుపనుకున్నావా?"

వంగి చూశాను. నిజమే. కుడిచెయ్యి అందేచోట చిన్న ఇత్తడి గొళ్ళెం. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి.

"అ... అన్నిటికీ అంతే. ముప్పై ఏళ్ళుగా."

ఏడుపుల మధ్య మూత తిప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది? అన్ననైన నాకే తెలియదు.

"దేనికిరా?" అన్నాడు మేస్త్రి. నవ్వు ఆగిపోయింది.

"యే... యేసు పిలుస్తాడు. పి... పిలిచినరోజు లేచి రావాలి కదా."

"చచ్చినవాణ్ణి లేపేవాడికి గొళ్ళెం ఒక లెక్కా?"

"ఆ... ఆయనకు అక్కర్లేదు." తమ్ముడు ఉలి కింద పెట్టాడు. "నే... నేను నమ్ముతున్నానని చెప్పాలి. నో... నోటితో చెప్పలేను. అందుకే పె... పెట్టాను."

అంత పొడుగు మాట వాడి నోట నేను వినలేదు. సాయపడదామని పెదవి కదిపితే మా మరదలు నా కాలివేలు తొక్కింది. ఇప్పటికీ ఆ వేలు సలిపి వానను ముందే చెబుతుంది.

మేస్త్రి పెట్టెలోనే కూర్చుని, "లేచొచ్చాక ఎక్కడికట? మొత్తం చెప్పు. నాకేం తొందర లేదు" అన్నాడు. నెల గడువున్న మనిషి! రోజూ వచ్చి, నత్తి నత్తిగా సాగిన ఆ కబురంతా చెక్కపొట్టులో కూర్చుని విన్నాడు.

మూడో వారం సన్నమూతి నూనె సీసా తెచ్చాడు. కంటికి భూతద్దం బిగించుకుని, చేతిగడియారానికి వేసినంత జాగ్రత్తగా ఆ గొళ్ళేనికి ఒక్క చుక్క వేసి, రెండుసార్లు తీసి చూశాడు.

"బిగుతుగా ఉందిరా. పిలిచినప్పుడు నేను ఆలస్యం కాకూడదు."

తర్వాత నాలుగు రోజులే బతికాడు.

ఆ ఏడు పాస్టరుగారు ప్రశ్న అడిగినప్పుడు నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. పక్కన కాయలు కాసిన చెయ్యి ఒకటి లేచింది.

"ఒ... ఒకరికి" అన్నాడు తమ్ముడు.

ముందు వరుసలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు. "మా తమ్ముడు" అన్నాను, చర్చి అంతా వినబడేలా.