వేసుకోమన్న మందు

ఒక మనిషి జన్యువుల్ని చూడకుండానే తప్పుపట్టి, ఆవిడ చేత పూలకొట్టు మూయించబోయిన ఘనుణ్ని నేను. నవ్వండి, నేనేమీ అనుకోను.

అప్పటికి వైట్‌ఫీల్డ్‌లో ఒక జన్యుపరీక్షల కంపెనీలో చేరి నాలుగు నెలలు. పొగరు మాత్రం నలభై ఏళ్ల అనుభవమున్న డాక్టరంత! మడివాళలో మా ఇంటి ఓనరు రాజమ్మక్క మార్కెట్లో పూలు అమ్మేది. ఆవిడకి ఆయాసం. ఒకరోజు డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాను. ఆ ఉత్తరాది డాక్టరు ఇంగ్లీషులో గడగడా చెప్పిందంతా ఒక్క ముక్కలో తేల్చేశాను: "అక్కా, ఈ క్యాప్సూళ్లు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకో."

మూడు వారాలైనా పిల్లికూతలు తగ్గలేదు. "ఏమప్పా, మందు పని చేయనే లేదే," అంది మెట్ల మీద కూలబడి.

ఇంకేం, ఉపన్యాసం మొదలెట్టాను. "తప్పు మందుది కాదక్కా. మన కణాల మీద రిసెప్టర్లని తాళంకప్పల్లాంటివి ఉంటాయి..."

"కప్పలా? నా ఎదలోనా?"

"అబ్బా, బీగాలక్కా, బీగాలు! మందు తాళంచెవి. ఆ బీగాల్ని తయారుచేసే జన్యువులో చిన్న తేడా ఉన్నా కొందరికి చెవి సరిగ్గా తిరగదు. అందుకే ఒకే మందు ఒకరికి గుణమిస్తుంది, ఇంకొకరికి ఇవ్వదు."

ఇందులో అబద్ధమేమీ లేదు సుమండీ. అందుకే మరీ ప్రమాదం.

"అంటే నాకు పుట్టుకతోనే చెడిపోయుండాదా? మా పాపకీ వచ్చింటాదా?"

"రావచ్చు," అన్నాను పెద్ద శాస్త్రజ్ఞుడిలా.

మర్నాడు ఆవిడ మార్కెట్‌కి వెళ్లలేదు. "ఒళ్లే ఇట్లుంటే ఇంకేం మందప్పా? కొట్టు వదిలేస్తా," అంది. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, నా సిద్ధాంతమంతా వినిపించాను.

ఆయన ఓపిగ్గా విని, "ముందు మందు ఎలా తీసుకుంటున్నారో చూపించమనండి," అన్నారు.

రాజమ్మక్క క్యాప్సూల్ నోట్లో వేసుకుని, గ్లాసుడు నీళ్లతో గుటుక్కున మింగింది.

డాక్టరు తల పట్టుకున్నారు. "అందులో ఉన్నది పొడి! గొట్టంలో పెట్టి పీల్చాలని చెప్పమన్నాను కదయ్యా!"

ఆ మాట ఆవిడకి చెప్పక తప్పలేదు. నావైపు చూసింది. "నువ్వు వేసుకో అంటివి కదప్పా. వేసుకో అంటే మింగేది కాదా?"

"మరి ఆ గొట్టం?" అన్నాను.

"ఫ్రీగా ఇచ్చినారనుకోని, మనవరాలికి ఆటకని బీరువాలో ఎత్తిపెట్టినా."

పీల్చడం మొదలెట్టిన కొన్నాళ్లకే ఆయాసం తగ్గి మార్కెట్‌కి వెళ్లింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చూడ్డానికి వెళితే పక్క కొట్ల వాళ్లందరికీ పరిచయం చేసింది: "ఈయప్ప పెద్ద సైంటిస్టు. అన్నీ తెలుసు. 'పీల్చు' అనే మాట ఒకటే రాదు."

అందుకే మల్లెలు, కనకాంబరాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: మింగాలో, పీల్చాలో, పూయాలో, చప్పరించాలో విడమర్చి చెప్పనిదే ఎవరికీ మందు అందించను, వాళ్ల తాతముత్తాతల జన్యువుల జోలికి అసలే పోను.