ఐదు వందల పన్నెండు బైట్లు వెనక్కి

బందరులో మా పేట లైబ్రరీలో పుస్తకాల జాబితా కార్డుల మీద ఉండేది. ఒక్కో పుస్తకానికి ఒక్కో అట్టముక్క. ముందువైపు నంబరు, పేరు, రచయిత, బీరువా సంఖ్య. వెనకవైపు ఖాళీ. చదివినవాళ్ళు ఆ ఖాళీలో పెన్సిలుతో ఒక మాట రాసిపెట్టే అలవాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. సంతకాలు ఉండవు. ‘నెమ్మదిగా చదవండి, తొందరపడితే రుచి తెలియదు’ అని ఒకచోట. ‘చివరి అధ్యాయం వదిలేసినా నష్టం లేదు’ అని ఇంకోచోట. చాలా కార్డుల వెనక ఏమీ ఉండేది కాదు.

మాది నాగాయలంక అవతల. మావాళ్ళు సముద్రం మీద వేటకి వెళ్తారు. నేను ఇంటర్ దగ్గర ఆగిపోయి బందరు ఐసు ఫ్యాక్టరీలో చేరాను. పొద్దున షిఫ్టు రెండింటికి అయిపోయేది. ఆ తర్వాత మాట్లాడటానికి మనుషులు లేరు. గదికి వెళ్తే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు కాబట్టి లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. కొన్నాళ్ళకి పుస్తకాలకన్నా ముందు కార్డులు తిరగేయడం మొదలుపెట్టాను. ఆ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళంటే ఆ పెన్సిలు రాతలవాళ్ళే. వాళ్ళ ముఖాలు ఎప్పుడూ చూడలేదు.

కంప్యూటరు ప్రోగ్రాములు రాసే సి భాష కూడా అక్కడే నేర్చుకున్నాను. అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకం, పక్కన నిఘంటువు, ఎవరో ఇచ్చిన పాత ల్యాప్‌టాప్. గురువు లేడు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవాణ్ణి.

లైబ్రేరియన్ గారిని అందరం మాస్టారూ అనేవాళ్ళం. ఆయన రిటైరయ్యే ముందు నన్ను పిలిచి, కొత్త ర్యాకులు వస్తున్నాయి, కార్డుల సొరుగులు తీసేస్తారు, ఈలోగా ఇవన్నీ కంప్యూటరులోకి ఎక్కించగలవా అని అడిగారు. ఎక్కిస్తానన్నాను. వెనకవైపు రాతలతో సహా ఎక్కిస్తానన్నాను. ఆయన ఆ మాటకే సంతోషించారు.

ఎదురుగా నెట్ సెంటరు నడిపే అతను నవ్వాడు. “ఎక్సెల్‌లో కొట్టుకోక ఎందుకు బావా ఈ అవస్థ?” అన్నాడు. అది ఎవరైనా చేస్తారని జవాబిచ్చాను. పుస్తకంలో చదివింది నా చేత్తో నడిపి చూడాలని నాకు పట్టుదల.

నేను చేసిన ఏర్పాటు చాలా సాదాది. ఒకే ఫైలు. ఒక్కో కార్డుకి అందులో ఐదు వందల పన్నెండు బైట్ల చోటు. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటీ మూడు బైట్లు తింటాయి, గుణింతానికి ఇంకో మూడు, అందుకని అంత చోటు. కంప్యూటరుకి ఫైలు అంటే మొదటినుంచి చివరిదాకా ఒకే వరుస. ఆ వరుస మీద ఎక్కడో ఒకచోట దాని వేలు ఆని ఉంటుందనుకోండి. ఒక కార్డు చదివితే వేలు దానంతటదే ఆ కార్డు దాటి తర్వాతి కార్డు మొదట్లోకి వెళ్ళిపోతుంది. ఆ వేలిని మనకు కావలసినచోటికి జరపడానికి ఎల్‌సీక్ అని ఒక ఆజ్ఞ ఉంది. మొదటినుంచి ఇంత దూరం అనవచ్చు, ఉన్నచోటునుంచి ఇంత అనవచ్చు, చివరినుంచి ఇంత అనవచ్చు. వెనక్కి రావాలంటే సంఖ్య ముందు మైనస్ పెట్టాలి. ఈ పేజీలు నాకు దాదాపు కంఠతా వచ్చు.

ఏడాది పట్టింది రెండు వేల పైచిలుకు కార్డులు ఎక్కించడానికి. తర్వాత ర్యాకులు వచ్చాయి, సొరుగులూ కార్డులూ పాత సామానుతో కలిసి వెళ్ళిపోయాయి. బీరువా సంఖ్యలు మారాయి కాబట్టి వాటిని దిద్దడానికి చిన్న ప్రోగ్రాము రాశాను. కార్డు చదవాలి, సంఖ్య మార్చాలి, తిరిగి రాయాలి, తర్వాతి కార్డుకి వెళ్ళాలి. రెప్పపాటులో అయిపోయింది. తప్పులేమీ చూపించలేదు. పెన్‌డ్రైవులో ఉన్న పాత నకలు మీద ఈ కొత్త ఫైలు ఎక్కించుకుని గదికి వెళ్ళిపోయాను.

మర్నాడు తెరిచి చూస్తే ఒకటో కార్డు, కింద మళ్ళీ ఒకటో కార్డు. మూడు, మూడు. ఐదు, ఐదు. చివరిదాకా అంతే. చదివాక వేలు ముందుకు పోతుందని తెలిసి కూడా, రాసే ముందు దాన్ని ఐదు వందల పన్నెండు బైట్లు వెనక్కి జరపలేదు. ఒకటి చదివి రెండు మీద రాశాను. మూడు చదివి నాలుగు మీద రాశాను. సరి నంబర్లన్నీ పోయాయి. పేర్లూ రచయితలూ మళ్ళీ పుస్తకాలు చూసి రాసుకోవచ్చు. వెనకవైపు రాతలు ఇంకెక్కడా లేవు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు గనక. రెండు వారాల తర్వాత, రిటైరై గుడివాడలో ఉంటున్న మాస్టారు ఫోను చేశారు. జాబితా అయిందట కదా, ఒకసారి పట్టుకురమ్మన్నారు. ఒక కార్డు వెనక మాట కావాలన్నారు. ఏ నంబరని నేను అడగలేదు. ఆదివారం ప్యాసింజరు ఎక్కి, పెడన దాటిందగ్గర్నుంచీ అది బేసి నంబరు అయి ఉండాలని కోరుకుంటూ కూర్చున్నాను.

ఆయన వరండాలో ఉన్నారు. చూపు బాగా తగ్గింది. నేను ల్యాప్‌టాప్ తెరిచాక కుర్చీ దగ్గరికి లాక్కుని, “నాలుగు వందల పదహారు తియ్యవయ్యా,” అన్నారు.

అది నక్షత్రాల గురించిన చిన్న పుస్తకం. ఆయన తోట్లవల్లూరు నుంచి ఉద్యోగానికి బందరు వచ్చిన మొదటి వారం, తెలిసినవాళ్ళు ఒక్కరూ లేక, కార్డులు దులుపుతూ ఆ మాట చూశారట. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఎవరో రాసిందట. తనకే రాసినట్టు అనిపించిందట.

“అర్థం గుర్తుందయ్యా. మాటలే గుర్తు లేవు. ఆ మాటలు కావాలి నాకు.”

ఎక్కించింది నేనే. ఆ అక్షరాలు నా వేళ్ళ మీదుగానే వెళ్ళి ఉండాలి. ఎంత తడుముకున్నా ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఏడాదిపాటు అవి చదివి చదివి వాళ్ళు రాసే పద్ధతి నాకు పట్టుబడింది. ఒకటి అల్లి చెబితే ఆయన కనిపెట్టలేరు. రెండు మూడు మాటలు నోటిదాకా వచ్చాయి కూడా.

“పోయిందండీ,” అన్నాను. “సరి నంబర్లన్నీ పోయాయండి. నా తప్పే.”

ఎలా పోయాయో చెప్పాను. ఆయన అంతా విన్నారు.

“వెనక్కి జరపాలని ఆ పుస్తకంలో లేదా?”

“ఉందండీ. చదివాను.”

“చదివావు,” అన్నారు.

లోపలినుంచి కాఫీ వచ్చింది. ఇద్దరం తాగాం. గ్లాసు కింద పెట్టాక, నాలుగు వందల పదహారులో ఇప్పుడేముందని అడిగారు. నాలుగు వందల పదిహేనే రెండోసారి ఉందన్నాను. అది తీసెయ్యమన్నారు. ఖాళీగా ఉంచాలా అని అడిగాను.

“ఖాళీగా ఉంచితే ఎవరూ ఏమీ రాయలేదనుకుంటారు. ఉండేదని రాయి.”

బందరు తిరిగివచ్చాక నక్షత్రాల పుస్తకం ర్యాకులోంచి తీసి, చూసి, పేరూ రచయితా మళ్ళీ ఎక్కించాను. కింద ‘ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఇక్కడ ఒక మాట ఉండేది. నా పొరపాటు వల్ల పోయింది’ అని రాశాను. అలాగే మిగతా సరి నంబర్లు కూడా ఒక్కొక్క పుస్తకమూ తీసి ఎక్కించుకుంటూ వస్తున్నాను. వాటిలో దేని వెనక మాట ఉండేదో, దేని వెనక ఉండేది కాదో నాకు తెలియదు. తెలియకుండా ఉండేదని రాయలేక, అక్కడ ఖాళీగానే వదిలేస్తున్నాను.