వదినకు ఓర్పు తక్కువన్నాను

ఏళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని బతుకుతున్నాను. మింగలేను, కక్కలేను. నా పేరు మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

నేను నర్సును. పెళ్లి చేసుకోలేదు, అన్న ఇంట్లోనే ఉంటాను. అప్పట్లో కావలిలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. మా వదిన కరుణను తొలికాన్పుకు కొడవలూరులోని పుట్టింటికి పోనివ్వకుండా, నేనున్నాను కదా అని పట్టుబట్టి మా ఆసుపత్రిలోనే చేర్పించాను.

పాప పుట్టింది. కుట్లు వేయాలి. పక్క గదిలో ఇంకో కాన్పు ఉందని డాక్టరమ్మ తొందరలో ఉంది. మత్తు సూది వేయకుండానే మొదలుపెట్టింది. మందు నింపిన సూది ట్రేలో అలాగే ఉంది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. "నొప్పి తెలస్తా ఉండాది, ఆపండి" అని వదిన కేకలు పెట్టింది. ఒక చేత్తో ఆమె మోకాలు అదిమిపట్టి, రెండో చేత్తో నోరు మూశాను. ఎందుకు? డాక్టరమ్మ తిడుతుందనా? ఉద్యోగం పోతుందనా? లేక అరిచే ఆడవాళ్లను చూసీ చూసీ, ఆ అరుపుల్లో మనిషి ఉందన్న సంగతే మరిచిపోయానా?

ఇంటికొచ్చాక వదినకు నిద్ర లేదు. డెట్టాల్ వాసన తగిలితే వాంతి. అన్న చెయ్యి వేస్తే ఉలిక్కిపడి గోడవైపు జరిగేది. అమ్మ పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించింది. ఒకరోజు రొయ్యల గుంట కాడ అన్న నన్ను అడిగాడు.

"ఆస్పత్రిలో ఏమన్నా జరిగిందామ్మే? ఆపమన్నా ఆపలేదంటా ఉండాది."

"ఏం జరగలేదన్నా. అందరికీ అయ్యేదే. వదినకి ఓర్పు తక్కువ."

ఆ మాట ఇంట్లో వేరూనుకుంది. రెండో బిడ్డ వద్దంటే ఓర్పు తక్కువ. మంచం వేరు చేసుకుంటే ఓర్పు తక్కువ. తర్వాత్తర్వాత వదిన చెప్పడమే మానేసింది.

పాప ఇప్పుడు బడికి పోతోంది. ఈమధ్య వదినకు నెల మధ్యలో కూడా రక్తం పోతోంది. ఆసుపత్రి అంటే వణికిపోతుంది. నర్సువి కదా, నువ్వే నచ్చజెప్పమని అందరూ నన్నే పట్టుకున్నారు. ఏ నోటితో నచ్చజెప్పను?

మొన్న ఆదివారం ఆమె రొయ్యలు ఒలుస్తుంటే పక్కన కూర్చున్నాను.

"వదినా, ఆ పొద్దు నీకు మత్తు సూది వెయ్యలేదు. నేను చూసినా. చూసి కూడా నీ నోరు మూసినా."

ఆమె తలెత్తలేదు. "నాకెందుకు చెప్తావు? పడిందాన్ని, నాకు తెలీదా? పోయి మీ అన్నకి చెప్పు."

అమ్మ ఎదుటే అన్నకు చెప్పాను. అన్న నన్నొక్క మాట అనలేదు. వదిన దగ్గరకు పోయి, నిన్ను నమ్మలేదే అని ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు.

ఇవాళ ఇద్దరూ నెల్లూరులో డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆపమంటే ఆపుతామని మాటిస్తేనే వస్తానని వదిన ముందుగానే ఫోన్ చేయించింది. నేనూ రానా అని అడిగాను. "నువ్వొద్దు" అంది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆ భారం కూడా ఆమె మీదే పడుతుంది.

"ఇన్నేళ్లు లేంది ఇప్పుడెందుకు చెప్పినావే?" అని అమ్మ పొద్దుట్నుంచి సణుగుతోంది. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని మాత్రం అడగడం లేదు. అడిగితే అదీ చెప్తాను. ఇప్పుడు నోరు పెగులుతోంది.