ఒక్క రింగు

పెద్దమ్మ పోయిందని నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఫ్యామిలీ గ్రూపులో దండ వేసిన ఫోటో వచ్చింది, కింద వరుసగా దండం బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. ఆ తర్వాత ఏడ్చాను. రెండు వారాలైంది.

ఆమె మా అమ్మకు అక్క. ఆర్మూర్‌లో పెద్దనాన్నతో కలిసి పసుపు పండించేది. నేను ఇంటర్‌కు నిజామాబాద్ హాస్టల్‌కు పోతుంటే చేతిలో చిన్న ఫోన్ పెట్టింది.

“రోజు ఏడింటికి కొడ్త. ఒక్క రింగైతే బాగున్నట్టు, ఎత్తకు, పైసలు దండగ. నువ్వు గూడ ఒక్కటి కొట్టు, విన్నవని తెలుస్తది. ఆగకుండ మోగితే ఎత్తు బిడ్డా.”

ఆ ఒక్క రింగు మీదే నా హాస్టల్ రోజులు గడిచాయి. మీ ఇళ్లల్లోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి. కాల్స్ ఫ్రీ అయ్యాక అందరం మర్చిపోయాం. ఖర్చుకు భయపడి పెట్టుకున్న గుర్తును ఆమె మాత్రం పలకరింపు చేసుకుంది.

“ఇప్పుడంత ఫ్రీనే పెద్దమ్మా, జర మాట్లాడరాదు?”

“బాగున్న అన్నంక ఇంకేం చెప్పాలె? మీ అమ్మ గంట మాట్లాడుతది, గంటసేపు టమాట పప్పే!”

పెద్దమ్మ ఫోన్‌ను పెద్దనాన్న ముట్టేవాడు కాదు. “గది మీ పెద్దమ్మ టెలిగ్రాం ఆఫీసు” అని వెక్కిరించేవాడు. దాని మీద అంకెలు కనిపించేవి కావు, అన్నీ పసుపు మరకలే. ఆమె వేలికి తెలుసు.

ఇప్పుడు నా ఉద్యోగమే ఫోన్. రోజంతా తల్లిదండ్రులకు కాల్ చేసి ఒక కాలేజీలో సీట్లు అంటగట్టాలి. సాయంత్రానికి ఏది మోగినా ఒళ్లు మండుతుంది. అందుకే సైలెంట్‌లో పెడతాను.

చివరి రోజు కూడా ఏడింటికి ఆమె పేరు కనిపించింది. మిస్డ్ కాల్, అంతే. ఒక్కసారి మోగి ఆగిందో, ఆగకుండా మోగిందో సైలెంట్‌లో ఉన్న ఫోన్ చెప్పలేదు. బాగున్నట్టే అనుకున్నాను. తిరిగి కొట్టలేదు. తెల్లారేసరికి ఫోటో వచ్చింది.

“ఎంతసేపు చేసింది పెద్దనాన్నా?” అని అడిగాను.

“నేను చూడలే బిడ్డా, చేన్ల ఉన్న. నేనొచ్చినంక నీ రింగు రాలేదని రెండుసార్లన్నది.”

దినాలు అయిపోయి నిన్న గదికి వచ్చాను. ఫోన్‌కు సౌండ్ పెట్టాను. ఏడైంది. ఏడుంబావు కూడా దాటింది. అప్పుడు మోగింది. తెర మీద ‘పెద్దమ్మ’ అని పేరు. ఒక్క రింగు, ఆగిపోయింది.

నేనూ ఒకటి కొట్టాను. ఆ పసుపు మరకల మీద అలవాటు లేని ఒక ముసలి వేలు అంతసేపూ నా అంకెలు వెతుక్కుని ఉంటుంది.