ఎదురింటి గుమ్మం ముందు ఆగిన గరగ

నా చిన్నప్పుడు మా ఏలూరులో ఒక మహాయుద్ధం జరిగింది. ఒక పక్క అమ్మవారు, ఒక పక్క మా తాతయ్య. నడుమ వీధి వీధంతా ఊపిరి బిగబట్టి నిలబడిపోయింది. దిక్కులు దద్దరిల్లాయి, నేల నిప్పులు చెరిగింది అని మొదలుపెడితే మీరు సర్దుకుని కూర్చుంటారని తెలుసు. కానీ అంత దూరం తీసుకెళ్ళి నిరాశపరచడం ఎందుకు? యుద్ధమేమీ జరగలేదు. దిక్కులు దద్దరిల్లింది డప్పులకి. నేల నిప్పులు చెరిగింది మే నెల ఎండకి. ఉన్నదల్లా ఒక గుమ్మం, ఒక బిందెడు నీళ్ళు, మా తాతయ్య కాలిలో ఒక ముల్లు. నిజం చెప్పాలంటే ఆ ముల్లు కూడా లేదు.

మా పేట కాలవ గట్టు మీద ఉండేది. ఏటా ఎండాకాలం నడిమధ్యలో మరమ్మతులకని కాలవ కట్టేసేవారు. అంతవరకూ గుమ్మం దిగితే నీళ్ళు అన్నట్టు బతికిన పేటకి ఒక్కసారిగా గొంతు ఎండేది. కాలవ అడుగున బురద ఎండి పెచ్చులు లేచేది. పడవలు ఎక్కడివక్కడ ఒరిగిపోయి ఉండేవి. పడవల వాళ్ళు వాటి నీడలోనే పులిజూదం ఆడుకునేవారు. కొల్లేరు కూడా ఎండి నెర్రెలిచ్చిందని చేపలమ్మే ఆవిడ రోజూ వచ్చి చెప్పేది, మేము అడక్కపోయినా. ఆడవాళ్ళు మంచినీళ్ళ చెరువుకి ఎండలో నడిచి వెళ్ళి, తెచ్చుకున్న బిందెని పసిపిల్లలా దాచుకునేవారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా పేట అమ్మవారి జాతర. ఊళ్ళో నీళ్ళు లేని సమయం చూసుకుని మరీ నీళ్ళడిగే దేవత ఈవిడొక్కర్తే అని నేనంటే మా అమ్మ నా మూతి మీద ఒకటి వేసేది.

నాకు అప్పటికి తొమ్మిదేళ్ళో పదేళ్ళో. ఎవరైనా గంభీరంగా ఏదైనా మొదలుపెడితే దాన్ని చెడగొట్టందే నాకు తోచేది కాదు. హరికథ చెబుతూ దాసుగారు కన్నీళ్ళు పెట్టుకుంటే, "ఇందాక సోడా తాగారు కదండీ, అదే వస్తోంది" అన్నాను. పూనకం వచ్చిన ఒకావిడ ఊగుతుండగా దుద్దు జారి పడిపోయింది. ఆవిడ ఊగడం ఆపి, వెతుక్కుని, చెవికి పెట్టుకుని, శీల బిగించుకుని మళ్ళీ ఊగింది. ఆ సంగతి పేటంతా చాటింపు వేసింది నేనే. నా ఎగతాళికి పెద్దవాళ్ళు తిట్టేవారు, పిల్లలు భయపడేవారు. కడుపు పట్టుకుని నవ్వేవాడు ఒక్కడే ఉండేవాడు, ఎదురింటి పిన్ని కొడుకు. నాకంటే ఏడాది చిన్న.

పిన్ని మాకు చుట్టం కాదు. మా అమ్మ ఆవిణ్ణి చెల్లీ అని పిలిచేది కనక నాకు పిన్ని. వాళ్ళాయన తాడేపల్లిగూడెంలో ధాన్యం కొట్లో పనిచేస్తూ ఆదివారాలు రైల్లో వచ్చి వెళ్ళేవారు. మిగతా రోజులన్నీ ఆ ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరే.

నేను చెప్పే జాతరకి ముందటేడు, అప్పటి జాతర అయిన కొద్ది రోజులకి వాడికి ఒళ్ళు కాగింది. ఆసుపత్రి వాళ్ళు మశూచి అన్నారు. మా వాళ్ళు అమ్మవారు పోసిందన్నారు. పేరు ఏదైతేనేం, వాడు మళ్ళీ లేవలేదు. నన్ను చూడనివ్వలేదు. వాళ్ళ గుమ్మానికి వేపమండలు కట్టారు. అవి పచ్చగా ఉన్నంతకాలం వాడు ఉన్నాడు. అవి ఎండకముందే తీసేశారు. వాడి చావులో నా కళ్ళతో చూసింది అంతే.

తర్వాత పిన్ని తలుపు మూసుకుంది. ఆవిణ్ణి ఎవరూ వెలివేయలేదు. మా పేట వాళ్ళు మహా మర్యాదస్తులు. "ఏవండీ, బావున్నారా?" అని వీధికి అవతలి పక్కనుంచే అడిగి, జవాబు వచ్చేలోపు మలుపు తిరిగిపోయేవారు.

ఆ మరుసటేడు జాతరకి మా తాతయ్య పెద్ద. గరగ ఎలా తిరగాలో మాట్లాడుకోవడానికి నలుగురూ మా అరుగు మీద కూర్చున్నారు. గరగంటే ఇత్తడి కుండ. దానికి పైన నాగపడగ, చుట్టూ పూలూ వేపమండలూ కట్టి, ఒక మనిషి నెత్తిన పెట్టుకుని డప్పుల వెంట ఆడుతూ ఇల్లిల్లూ తిరుగుతాడు. గరగలో ఉన్నది అమ్మవారే. దానికి మా పేటలో కొన్ని కట్టుబాట్లుండేవి. ఒకసారి నెత్తికెత్తితే గుడికి చేరేదాకా దించకూడదు. జాతర పెద్ద ముందు నడవాలి, గరగ ఆయన్ని దాటకూడదు. గరగ ఏ గుమ్మం ముందు ఆగితే ఆ ఇంటి ఆడవాళ్ళు పసుపూ వేపాకూ కలిపిన నీళ్ళు మోసేవాడి కాళ్ళ మీద పొయ్యాలి. పోసేదాకా గరగ కదలకూడదు.

పిన్ని గుమ్మం మాట రానే వచ్చింది. బియ్యం మిల్లు గుమాస్తాగారు ఎత్తారు.

"ఏడాది నిండలేదు కదండీ. అమ్మవారు తీసుకెళ్ళిన ఇంటి ముందు అమ్మవారిని ఎలా నిలబెడతామండీ? ఆవిడ ఘొల్లుమందనుకోండి, తల్లికి కోపం రాదూ? పేటంతా పిల్లలున్నారు కదండీ."

ఆయనకి నలుగురు పిల్లలు. ఆయన భయం అబద్ధం కాదు.

"అయితే ఏం చేద్దామంటారు?" అన్నారు తాతయ్య.

"డప్పు కొంచెం తగ్గించి, గబగబా దాటించేద్దామండీ. ఆవిడకీ బాధుండదు."

"అలాగే కానివ్వండి" అన్నారు తాతయ్య.

నాకు ఒళ్ళు మండింది. మా తాతయ్య వాదించగా నేనెప్పుడూ చూడలేదు. ఎవరేమన్నా 'అలాగే కానివ్వండి' అనేవారు. ఆయన అలాగే అన్నప్పుడే జాగ్రత్త పడాలని నాకు తెలియడానికి మరో రెండు రోజులు పట్టింది.

జాతర నాడు పొద్దు కాస్త వాలాక గరగ బయల్దేరింది. ఆ ఏడు మోసింది ఒక పడవ సరంగు. ఇంత మీసం, గుమ్మంలోంచి వంగి రావలసినంత మనిషి. కాలవ కట్టేశారు కనక పనిలేదు, కనక అమ్మవారిని మోస్తున్నాడు. తాతయ్య చెప్పులు విడిచి, చేతిలో వేపమండతో ముందు నడిచారు. ఇల్లిల్లూ ఆగారు. మా గుమ్మం ముందు మా అమ్మ నీళ్ళు పోసింది, మనసులో ఒక్కో చెంబూ లెక్కపెట్టుకుంటూ. తర్వాత గరగ వీధి దాటి ఎదురు వరసకి తిరిగింది. గుమాస్తాగారు చెయ్యి ఊపారు. డప్పు తగ్గింది. నడక పెరిగింది.

సరిగ్గా పిన్ని గుమ్మం ముందు తాతయ్య "అబ్బా" అని, కుంటుకుంటూ వెళ్ళి ఆవిడ అరుగు మీద కూలబడ్డారు.

పెద్ద ఆగితే గరగ ఆగాలి. ఆగింది.

"ఏవైందండీ?" అంటూ గుమాస్తాగారు పరిగెత్తుకొచ్చారు.

"ముల్లండీ."

"ఏదండీ, కనపడదే?"

"లోపలికి దిగిపోయిందండీ."

"ఓ నాలుగడుగులు వేస్తే పక్కింటి అరుగు మీద తీసుకుందాం, లేవండి. నా భుజం పట్టుకోండి."

"మీ భుజం సన్నమండీ. ఇద్దరం పడతాం. వెళ్ళి ఓ పిన్నీసు పట్టుకురండి."

గుమాస్తాగారు పిన్నీసు కోసం మా ఇంట్లోకి పరిగెత్తారు. తెచ్చేసరికి తాతయ్య ఎడమ కాలు ఒళ్ళో పెట్టుకుని మూలుగుతున్నారు. ఇందాక మూలిగింది కుడి కాలు పట్టుకుని. పేటలో అందరికంటే ముందు ఆ తేడా పట్టింది నేను. మాట నాలిక చివరికి వచ్చేసింది. అంతకంటే బాగా పేలే మాట నాకు మళ్ళీ జన్మలో దొరకలేదు. నోరు తెరిచాను. తాతయ్య నా వైపు చూశారు. కోపంగా కాదు, బెదిరింపుగా కాదు. ఆ పెద్దమనిషి నన్ను బతిమాలుకుంటూ చూశారు.

నోరు మూసుకున్నాను. నేను మింగిన మొదటి ఛలోక్తి అది. గొంతులో చాలాసేపు అడ్డం పడింది.

మూసిన తలుపు మూసినట్టే ఉంది. డప్పుల వాళ్ళు నిలబడే కొడుతున్నారు. సరంగు నెత్తిన బరువుతో, కాలుతున్న నేల మీద ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తున్నాడు. దించడానికి లేదు, కదలడానికి లేదు. చివరికి తలుపు వైపు తిరిగి అరిచాడు.

"అమ్మా! కాళ్ళు కాలిపోతన్నాయమ్మా! కాసిని నీళ్ళు పోత్తారా?"

"నేను చెబుతూనే ఉన్నానండీ" అని గుమాస్తాగారు గొణిగారు. అప్పుడు గడియ చప్పుడైంది.

పిన్ని బిందెతో బయటికి వచ్చింది. మనిషి సగమైపోయింది. నేను బిందెలోకి తొంగి చూశాను. అప్పటికప్పుడు పసుపు కలిపితే పొడి పైన తేలుతుంది. ఆ నీళ్ళలో పసుపు పూర్తిగా కలిసి అడుక్కి దిగిపోయి ఉంది. వేపాకులు నాని మునిగిపోయాయి. తన గుమ్మం ముందు ఎవరూ ఆగరని ఆవిడకి తెలుసు. మా అరుగు మీది మాటలు ఎదురింటికి వినపడకుండా ఉంటాయా? తెలిసీ, పొద్దున్నే నీళ్ళు కలిపి పెట్టుకుని, మూసిన తలుపు వెనక కూర్చుంది.

నీళ్ళు పైనుంచి పొయ్యాలి. అందరూ అలాగే పోస్తారు, మోసేవాణ్ణి ముట్టుకోరు. పిన్ని కాసిని నీళ్ళు పోసి, బిందె కింద పెట్టి, వీధిలోనే గొంతుక్కూర్చుంది. సరంగు పాదం మీద చెయ్యి వేసి రుద్దడం మొదలుపెట్టింది.

"వేళ్ళు విడదియ్యి" అంది.

సరంగు ఒక్క క్షణం తెల్లబోయి, వేళ్ళు విడదీశాడు.

"ఎక్కడెక్కడ తిరిగొచ్చావురా, ఇంత మట్టి! ఆ కాలు కూడా."

ఆ కాలు కూడా ఇచ్చాడు.

ఆ మాటలు నాకు తెలుసు. రోజూ సాయంత్రం కాలవ గట్టున ఆడి ఇంటికి పోగానే, వాణ్ణి ఆ గుమ్మంలోనే నిలబెట్టి కాళ్ళు కడుగుతూ పిన్ని అనే మాటలే అవి. అదే గొంతు, అదే విసుగు. మా గుమ్మంలో నా కాళ్ళు కడిగించుకునే వంతు కోసం చూస్తూ రోజూ వినేదాన్ని. డప్పు ఎవరూ ఆపమనలేదు, దానంతటదే ఆగిపోయింది. అంత పెద్ద మనిషి, అంత మీసం, నెత్తిన అమ్మవారు, పసిపిల్లాడిలా కాలు మార్చి కాలు చాచి నిలబడ్డాడు. ఆవిడ తలెత్తి గరగని చూడనే లేదు. మొక్కలేదు. తిట్టలేదు. పైన ఉన్నావిడతో పిన్నికి మాటల్లేవు. కాళ్ళు మాత్రం శుభ్రంగా కడిగింది.

గుమాస్తాగారు ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుని "ఎండండీ" అన్నారు. సోడా మాట నేను ఎత్తలేదు.

బిందె పూర్తిగా వంచేశాక పిన్ని లేచి, అరుగు మీద తాతయ్య పక్కన కూర్చుంది. "ముల్లు వచ్చిందా బాబాయిగారూ?" అని అడిగింది.

"వచ్చిందమ్మా" అన్నారు తాతయ్య.

గరగ కదిలింది.

దాంతో పిన్ని దుఃఖం తీరిపోయిందని చెబితే బావుంటుంది. తీరలేదు. గరగ మలుపు తిరగ్గానే ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. ఏడాదిగా ఆ ఇంట్లోంచి బయటికి రాని ఏడుపు. మా అమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వీధి దాటి వెళ్ళారు. మా ఇంట్లో జాతర వంటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకు అప్పుడే అర్థమైంది, వాడు ఇక రాడని. అంతవరకూ వాడు ఎక్కడికో వెళ్ళాడనే అనుకుంటూ వచ్చాను. నేను మింగిన ఆ మాట చెప్పుకోవడానికి వాడొక్కడే తగినవాడు. వాడు లేడు.

ముల్లు ఏ కాలికి దిగింది తాతయ్యా అని మర్నాడు అడిగాను. ఆయన రెండు కాళ్ళూ చూసుకుని, "రెంటికీనే" అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన కుంటుతూనే ఉన్నారు, మాట దక్కించుకోవడానికి. పాపం, ఏ కాలు కుంటాలో గుర్తుండక రోజుకో కాలు కుంటేవారు. పేటలో ఎవరూ గమనించనట్టే ఉన్నారు. మర్యాదస్తులని చెప్పాను కదా.

ఇప్పుడు నా వయసుకి పెళ్ళిళ్ళకంటే పరామర్శలకే ఎక్కువ వెళుతుంటాను. వెళ్ళినచోట అందరూ ఊరుకోమ్మా, ఊరుకోమ్మా అంటారు. నేను ఆ మాట అనలేను. లోపలికి వెళ్ళి కూర్చుని, దాహంగా ఉంది, కాసిని మంచినీళ్ళు ఇస్తావా అంటాను. ఆ ఇళ్ళలో పచ్చి గంగ కూడా ముట్టకూడదంటారు. అయినా అడుగుతాను. ఏం చెయ్యాలో తెలియక కూర్చున్న మనిషి లేస్తుంది. గ్లాసు వెతుకుతుంది. కడుగుతుంది. నా చేతికిచ్చి, నేను తాగేదాకా నిలబడుతుంది. అది చాలు. ఏడుపు తర్వాత వస్తుంది, రావలసినదే.

ఒక్క సంగతి మాత్రం చూసుకోవాలి. ఆ రోజు పిన్ని వంచేసింది ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బిందె. సాయంత్రం ఎసట్లోకి కూడా చుక్క లేకపోతే మా అమ్మ మా బిందె మోసుకెళ్ళింది, మేమంతా మర్నాడు చెరువుకి వెళ్ళేదాకా మొహాలు కడుక్కోలేదు. కాబట్టి ఎండాకాలమైతే, అడిగే ముందు వాళ్ళింట్లో నీళ్ళున్నాయో లేదో కనుక్కోవడం మంచిది.