పాస్కల్‌లో దొరకని లెక్కలు

కణ్ణగి తమిళనాడు ధర్మపురిలో బోరుబావుల సర్వే చేసే ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు కట్టేది. తల్లి పెరుమాయి కంబైనల్లూరు చేలల్లో కూలికి పోయి ఆమెను బి.ఎస్సీ చదివించింది. ఎదురు బల్ల సదాశివానిది. ముప్పై ఏళ్ళుగా చేత్తోనే సమీకరణాలు తేల్చినవాడు, ఆమెకు పని నేర్పినవాడు.

1987లో ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. దాంతో ఇచ్చిన, ప్రోగ్రాములు రాసే భాష పాస్కల్, అక్కడెవరికీ తెలియని కొత్త భాష. మేనేజరు చంద్రప్పదీ వాళ్ళలాగే ఇంట్లో తెలుగే. కణ్ణగిని గదిలోకి పిలిచాడు.

"ఇరవై సమీకరణాలు ఒక్క దెబ్బకు తేలాల. ఆ ప్రోగ్రాములు ఎవురో రాసిపెట్టే ఉంటారు. యాడుండాయో వెతుకు. దొరికితే నిన్ను పర్మనెంటు చేస్తాను."

ఆమె మద్రాసు, బెంగుళూరు కాలేజీలకు ఆరు ఉత్తరాలు రాసింది. రెండింటికే జవాబొచ్చింది. అలాంటివన్నీ పాత ఫోర్‌ట్రాన్ భాషలో ఉన్నాయనీ, పాస్కల్‌లో తమ దగ్గర లేవనీ. పదకొండు శనివారాలు సెలవు పెట్టి బెంగుళూరు బస్సెక్కింది. ఒక కాలేజీ లైబ్రరీలో కూర్చుని ఆ ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాములను పెన్సిలుతో నోటుబుక్కులోకి ఎక్కించుకుని, ఒక్కో వరుసా పాస్కల్‌లోకి మార్చింది. ఆఫీసులో నడిపి చూస్తే, మధ్యలో సున్నాతో భాగించాల్సి వచ్చినప్పుడు కంప్యూటరు ఆగిపోయేది.

"సమీకరణాల వరసలు అటిటు మార్చుకో తల్లీ. నేను చేత్తో అట్లే చేస్తాను" అన్నాడు సదాశివం.

మార్చింది. ఆయన మూడు రోజులు కట్టిన జవాబు నిమిషంలో తెర మీదికొచ్చింది. అంకెకు అంకె సరిపోయింది.

యజమాని చూడటానికి వచ్చిన రోజు చంద్రప్ప తమిళంలో, అంతా తానే రాశానన్నాడు. కణ్ణగి నోరు తెరవబోయి, పర్మనెంటు మాట గుర్తొచ్చి ఊరుకుంది.

సోమవారం చంద్రప్ప ఆమెనూ సదాశివాన్నీ కలిపి పిలిచాడు. "ఇంక చేత్తో లెక్కలకు మనుషులు అక్కరలేదు. నెలాఖరు దాకా రాండి."

"దొరికితే పర్మనెంటు చేస్తానంటిరి కదా సార్."

"దొరకలేదు కదమ్మా. నువ్వే రాసుకొన్నావు." ఆ మాట అంటూనే ఫైలు తెరిచాడు.

మెట్లు దిగుతూ సదాశివం ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "ఇంకో రెండేండ్లు ఈ పని ఉండుంటే మా పిల్ల చదువు అయిపోయేది. ఆ వరసలు మార్చే సంగతి నీకు చెప్పకుండా ఉండాల్సింది."

ఆరు నెలలకు హోసూరులో పని దొరికితే, చెప్పడానికి కణ్ణగి ఆయన ఇంటికి పోయింది. భార్య తాయమ్మ గడపలోనే నిలబడి, ఇంట్లో లేడంది. లోపల నుంచి ఆయన దగ్గు వినబడుతూనే ఉంది.